పడని లోహం

స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తాగలేని మనిషి నా ఇంట్లో ఉంటారని నేనెన్నడూ అనుకోలేదు. ఆ మనిషి నా కుమార్తె హెప్సిబా. గద్వాల నుంచి సెలవు మీద కర్నూలు వచ్చిన రోజున భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తల్లి అందించిన గ్లాసును చున్నీ అంచుతో చుట్టి పట్టుకుంది. పెదవికి ఆనించకుండా ఎత్తి పోసుకుంది. మా ఇంట్లో అలా తాగే అలవాటు ఎవరికీ లేదు.

“ఏందే ఆ పట్టుకోవడం? గ్లాసు తోమలేదనుకుంటివా?” అంది నా భార్య సుగుణమణి.

“కాదమ్మా. గాజు గ్లాసుంటే ఇవ్వు.”

“సరే, పప్పేసుకో.”

“పప్పొద్దు. పల్లీల పచ్చడీ వద్దు. మజ్జిగ చాలు.”

“ఇంకేం తింటావు, గాలా?”

చున్నీ జారింది. మోచేతుల నుంచి మణికట్ల దాకా చర్మం చర్మంలా లేదు. ఎర్రగా చిట్లి, రసి కారి, ఎండి, మళ్ళీ చిట్లింది. సుగుణమణి చేతిలోని గరిటె పప్పుగిన్నెలో పడిపోయింది.

“నికెల్ పడదు నాన్నగారూ” అంది హెప్సిబా, నా చూపు తప్పించుకుంటూ. “చిన్నప్పుడు గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండ్లయ్యేవి కదా, అదే. పప్పులోనూ పల్లీలలోనూ కొద్దిగా నికెల్ ఉంటుంది. స్టీలులో సరేసరి. కొంచెం ఎక్కువైంది, అంతే.”

“ఎక్కువైందా, ఎక్కువ చేశారా?”

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. నేను ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖలో పూర్తికాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. క్రింది ఉద్యోగుల జవాబు ఆలస్యమైనప్పుడు దాని అర్థమేమిటో బాగా ఎరుగుదును.

“నేనే ఒప్పుకున్నాను” అంది చివరికి.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఆ నడిగడ్డ ప్రాంతం నాకు కొత్త కాదు. దాని అడుగున ఒక హరితశిలా మేఖల సాగిపోతోంది. భూమి పసితనంలో పొంగిన లావా గడ్డకట్టి, నలిగి, పచ్చబారిన రాయి అది. ఇటువంటి మేఖలలలోనే ఇతర దేశాలలో నికెల్ గనులు ఉన్నాయి. ఇక్కడ ఉన్నదీ లేనిదీ ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆ రాయి కంటికి కనబడదు. పైన నల్లరేగడి, దాని కింద సుద్ద, ఆ కింద పుచ్చిపోయి మట్టిగా మారిన రాయి. రోజంతా నడిచినా సుత్తితో కొట్టడానికి పిడికెడు రాయి దొరకదు. లోపల నికెల్ ఉంటే దాని జాడ తేమతోపాటు పైకి ఎక్కుతుంది. అయితే పైమట్టికి చేరేసరికి ఏ యంత్రమూ గుర్తుపట్టలేనంతగా పలచబడిపోతుంది. బ్యాటరీల కోసం ప్రపంచమంతా నికెల్ కావాలంటున్న కాలంలో ఆ పలచని జాడను పట్టుకునే ఉపాయం కనిపెట్టినవారికి తిరుగుండదు. హెప్సిబా భూవిజ్ఞాన నిపుణురాలిగా పనిచేస్తున్న నవలోహ ఎక్స్‌ప్లోరేషన్ అనే సంస్థ ఆ ఉపాయం కనిపెట్టింది. ఆ ఉపాయం నా కుమార్తె.

మరునాడే నేను గద్వాల వెళ్ళాను. హెప్సిబా వద్దన్నది. నేను విననని ఆమెకు తెలుసు కాబట్టి కారు తనే నడిపింది, స్టీరింగుకు నూలుగుడ్డ చుట్టుకుని.

ప్రయోగశాల ఊరి శివారులో, ఒకప్పటి పత్తి విత్తనాల గోదాములో ఉంది. డాక్టర్ మందాకిని అనే రోగనిరోధక శాస్త్రవేత్త దానికి అధిపతి. విజ్ఞానం గురించి మాట్లాడుతున్నంతసేపూ ఆమె ముఖం వెలుగుతూ ఉండేది. నా కుమార్తె గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా చేతిగడియారం చూసుకునేది.

పొలంలోని మట్టిని కడిగిన నీటి చుక్కను ఆమె ఒక చిన్న గాజు గిన్నెలో వేసింది. గిన్నె అడుగున పాలమీగడవంటి పొర ఒకటి ఉంది. కొద్ది నిమిషాలలో ఆ పొర నీలంగా వెలిగింది.

“ఇవి రక్తంలోని జ్ఞాపకకణాలు సర్. ఒకసారి పడదనుకున్న లోహాన్ని ఇవి మరిచిపోవు. హెప్సిబాగారి కణాలంత చురుకైనవి నేనింతవరకు చూడలేదు. యంత్రానికి అందనంత తక్కువ నికెల్ ఉన్నా వెలుగుతాయి.”

“గిన్నెలో ఎంతకాలం గుర్తుంచుకుంటాయి?”

“మూడు వారాలు.”

“ఆ తర్వాత?”

“మళ్ళీ ఆమె నుంచే తీసుకోవాలి.”

“ఆమె ఒంట్లోనే ఆ జ్ఞాపకం మందగిస్తే?”

మందాకిని గడియారం చూసుకుంది. “గుర్తు చేస్తాం.”

గుర్తు చేయడమంటే నికెల్ ఉప్పు పూసిన పట్టీని వీపు మీద అంటించడం. చర్మం మండి, పొక్కులు లేచి, కణాలు ఆగ్రహించిన తర్వాత రక్తం తీయడం. మట్టి ఎంత మందంగా ఉంటే జాడ అంత పలచన. జాడ ఎంత పలచనైతే కణాలకు అంత కోపం కావాలి. కనుక మోతాదు ప్రతిసారీ పెరిగింది. ఇదంతా ఆమె గుడిసెకు తాటాకు కప్పే పద్ధతి వివరించినంత ప్రశాంతంగా చెప్పింది.

“దీన్ని మాన్పడం సాధ్యమేనా?”

“సాధ్యమే సర్. కణాలకు నికెల్‌ను మరిచిపోవడం నేర్పే మందు కూడా మేమే తయారుచేశాం. మరుపు మందు అంటాం. బాగా పనిచేస్తుంది.”

“అయితే ఈ రోజే ఇవ్వండి.”

“ఇస్తే ఆమె రక్తం మాకు పనికిరాదు కదా సర్.”

ఎంత మర్యాదగా అన్నదో చెప్పలేను. ఇంతకాలం కొలువులో అధికారుల దుర్మార్గం చాలా చూశాను. దానికి కాస్త సిగ్గు ఉండేది, తలుపు మూసుకుని జరిగేది. ఈమె తలుపు తెరిచి, కుర్చీ వేసి, టీ తెప్పించి మరీ చెప్పింది.

అప్పుడే సంస్థ అధిపతి కీర్తివర్ధన్ వచ్చాడు. నలభై ఏళ్ళు నిండని యువకుడు. వంగి నమస్కరించి, నా వంటి పెద్దలు రావడం అదృష్టమని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి అన్నాడు. ఇంగ్లీషులో రెండు తప్పులు దొర్లాయి. సరిదిద్దే ఓపిక ఆ సమయంలో నాకు లేదు.

గోడకు మేఖల పటం ఉంది. దాని మీద ఈశాన్యం నుంచి నైరుతికి, నమూనాలు వెలిగిన చోట్లన్నీ కలిపి గీసిన ముదురు నీలపు చార.

“రేపు ప్రపంచం చూడబోయే చార సర్ ఇది. దీని కింద ముడిఖనిజం ఉంది. మీ అమ్మాయి పేరు చరిత్రలో ఉంటుంది.”

“రాగి ఏది?” అన్నాను.

“సర్?”

“గంధకంతో కలిసిన నికెల్ ఖనిజానికి రాగి తోడుగా ఉంటుంది. రాగి జాడ లేకుండా నికెల్ ఒక్కటే కనబడిందంటే అది మామూలు రాతిలో ఇరుక్కున్న నికెల్ కావచ్చు. దాన్ని బయటకు లాగే ఖర్చు కూడా రాదు. ఈ మట్టిలో రాగి చూశారా?”

“ఆ కణాలకు రాగి తెలియదు సర్.”

“తెలియదని నాకూ తెలుసు. అందుకే అడుగుతున్నాను.”

అతడు నవ్వాడు. “బోరు వేస్తే తేలిపోతుంది కదా సర్. ఫలితం రాగానే అమ్మాయిగారికి మరుపు మందు ఇప్పిస్తాను. నా మాట.”

తిరుగుదారిలో ఎర్రవల్లి దాటాక హెప్సిబా విరుచుకుపడింది.

“అందరి ముందూ నన్ను చిన్నపిల్లను చేశారు నాన్నగారూ. ఆ చార నాది. రెండేళ్ళు ఎండలో నడిచి గీశాను. మీ కాలంలో ఎవరూ చూడలేకపోయినదాన్ని నేను చూశాను. అదే కదా మీ కోపం?”

“నా కోపం నీ చేతులను చూసి.”

“నా చర్మం నాది.”

“కాదు. అది వాళ్ళ గోదాములో గిన్నెలో పెరుగుతోంది. నీ దగ్గర మిగిలింది మంట ఒక్కటే.”

ఆమె కారు ఆపింది. దిగిపోతుందేమో అనుకున్నాను. స్టీరింగుకు ఊడిన గుడ్డను మళ్ళీ గట్టిగా చుట్టి, బండి ముందుకు నడిపింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల జరిగింది. మా సంఘంలో పాత్ర ఒక్కటే. ద్రాక్షారసం అందరూ దానిలోనే తాగుతాం. అది జర్మన్ సిల్వర్ పాత్ర. పేరులో వెండి ఉన్నా ఆ లోహంలో వెండి లేదు. రాగి, తుత్తునాగం, నికెల్. ఆ సంగతి నాకు తెలుసు, హెప్సిబాకూ తెలుసు. పాస్టరుగారు పాత్ర అందించినప్పుడు ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. వెనుక వరుసలో ఎవరో “ఏం పాపం చేసిందో, తాగదంట” అని గుసగుసలాడారు. అంతే. ఆమె పంతంగా పాత్ర అందుకుని పెదవులకు ఆనించింది.

ఆశీర్వాదం ముగిసేలోగా పెదవులు ఉబ్బాయి. మెట్లు దిగుతుండగా గొంతు మూసుకుపోవడం మొదలైంది. ఆసుపత్రిలో సూది వేశాక గాని ఊపిరి కుదుటపడలేదు. మళ్ళీ ఇలా జరిగితే ఆసుపత్రి దాకా రాగలరన్న నమ్మకం లేదని డాక్టరు చెప్పాడు.

“ప్రభువు బల్ల దగ్గర గూడా నా బిడ్డకు చోటు లేకుండా చేసిరే!” అంటూ సుగుణమణి ఆసుపత్రి వరండాలో కూలబడింది. ఇంటికి వచ్చాక వంటింట్లోని స్టీలు సామానంతా అటక మీదికి విసిరింది. మా పెళ్ళికి వచ్చిన, పేర్లు చెక్కిన బిందెలు సైతం. ఆ మోతకు పక్కింటివాళ్ళు వచ్చి దొంగలు పడ్డారా అని అడిగారు. “పడినారు. మీరు చూసే దొంగలు కాదులే” అని తలుపు వేసింది.

తిమ్మసానిదొడ్డి అనే గ్రామం దగ్గర, చారలో నీలం అన్నింటికంటే ముదిరిన చోట బోరు యంత్రం నిలబెట్టారు. ఫలితం వచ్చేదాకా కుమార్తెను ఒంటరిగా వదలకూడదని నేనూ వెళ్ళాను. యంత్రం చుట్టూ రైతులు గుమిగూడి ఉన్నారు.

“ఏం సారూ, పడిందా?” అని ఒకాయన నన్ను అడిగాడు.

“ఇంకా పడలేదు.”

“మా సేన్లల్ల నీళ్ళే పడ్తలేవు. మీకు బంగారం యాడ పడ్తది?”

“బంగారం కాదు మామా, బ్యాటరీల సామాన్లంట” అన్నాడొకడు.

“అయితే ఇంగ సెల్లు చార్జింగు పెట్టేది లేదు, సేను మీద పండబెడితే సాలు!”

అందరూ నవ్వారు. హెప్సిబా కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత.

మొదటి బోరులో పచ్చరాయి వచ్చింది. చక్కని, నిర్దోషమైన, నిరుపయోగమైన పచ్చరాయి. చార అంచుకు అవతల వేసిన రెండో బోరులోనూ అదే. ప్రయోగశాలలో పొడి చేసి పరీక్షిస్తే నికెల్ ఎక్కడైనా ఉండేంతే ఉంది. రాగి లేదు, గంధకం లేదు. కీర్తివర్ధన్ గుడారంలో అటూ ఇటూ నడిచి తన తీర్పు ప్రకటించాడు.

“జాడ ఉంది, ఖనిజం తగలలేదు. అంటే చార అంచు మనకు సరిగ్గా తెలియడం లేదు. కణాలు ఇంకా చురుగ్గా ఉండాలి. ఈసారి పట్టీ మోతాదు రెండింతలు చేద్దాం.”

“డాక్టరు ఏమన్నాడో విన్నారా మీరు?” అన్నాను.

“ఆక్సిజన్ పక్కనే పెడతాం సర్.”

నేను చేతికర్ర ఎత్తాను. జీవితంలో ఏ మనిషి మీదా ఎత్తనివాడిని. హెప్సిబా నా మణికట్టు పట్టుకుని గుడారం బయటకు లాక్కుపోయింది.

“ఆగండి నాన్నగారూ. నాకొక అనుమానం ఉంది. పొద్దుటి నుంచి బుర్ర తొలుస్తోంది.”

“ఏమిటది?”

“సుద్ద గట్టిగా ఉన్నచోటల్లా నా నీలం ముదురుగా ఉంది. బోరు దిగేటప్పుడు శబ్దం విన్నారు కదా, మొదట్లో ఎట్లా కీచుమందో! చార బయట వేసినప్పుడు ఆ కీచు లేదు.”

చేనులోకి నడిచింది. రైతు ఎవరో తవ్వి వదిలిన గొయ్యి అంచున చతికిలబడి, చేతి తొడుగు తీసి, వట్టి చేతితో సుద్దమట్టిని పెళ్ళగించింది. నేను కేకపెట్టాను. ఆమె వినలేదు. ఆ మట్టిని మంచినీళ్ళతో తడిపి ఎడమ ముంజేతి మీద, ఇంకా చెడని కాస్త చోటులో పెట్టి గుడ్డ కట్టుకుంది. తర్వాత మట్టి నమూనాలు తీసే ఆగర్ దగ్గరికి వెళ్ళింది. నేలలోకి తిప్పుతూ దించే స్టీలు మర అది. ఆ గొయ్యి పక్కనే గుంత తీసినప్పుడు దాని పళ్ళకు అంటుకున్న అదే సుద్దను గీకి కుడి ముంజేతికి కట్టుకుంది.

“మామూలు మనిషికైతే రెండు రోజులు పడుతుంది. నాకు ఇప్పుడు పావుగంట చాలు” అంది.

చింతచెట్టు నీడన కూర్చున్నాం. పావుగంట కాకముందే ఆమెకు కుడిచేయి మండసాగింది. రెండు గుడ్డలూ విప్పింది. ఎడమచేతి మీద మట్టి మరక తప్ప ఏమీ లేదు. కుడిచేతి మీద పొక్కులు ద్రాక్షగుత్తిలా లేచాయి.

చాలాసేపు ఆ రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

“మట్టిలో ఏమీ లేదు నాన్నగారూ. నికెల్ ఆగర్‌ది. స్టీలులోనిది. గట్టి సుద్దలో ఆగర్ ఎక్కువ అరిగింది, నీలం ముదిరింది. మెత్తటి మట్టిలో అరగలేదు, నీలం లేదు. నేను గీసింది నికెల్ పటం కాదు. మా పనిముట్టు అరిగిన పటం.”

మళ్ళీ ఆమే అంది, పళ్ళు బిగించి: “మామూలు ఇనుప ఆగర్ ఇస్తామన్నారు. తుప్పు నమూనాలో కలుస్తుందని, స్టెయిన్‌లెస్ స్టీలే కావాలని పట్టుబట్టింది నేను. శుభ్రంగా ఉండాలని.”

ఆ మాటకు ఏ తండ్రి ఏమనగలడు? శుభ్రత నేర్పింది నేను. నమూనాలు తీసేటప్పుడు చేతి ఉంగరం కూడా తీసేయాలని చిన్నప్పుడే చెప్పినవాడిని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు. ఒక మనిషి చర్మాన్ని పరికరం చేసేముందు తమ పరికరాన్ని ఒక్కసారి పరీక్షించుకోని ఆ గోదాము మీద, ఆ గడియారం మీద, ఆ నవ్వు మీద.

కీర్తివర్ధన్ ఆమె చేతులను చూసి, విషయం విని, ఒక్క నిమిషం పాలిపోయాడు. ఆ పైన అతడి ముఖంలో వెలుగు వచ్చిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోలేను.

“అంటే ఆగర్ అరిగిన పొడిని సైతం పట్టేశాయన్న మాట! ఇంతకంటే రుజువేం కావాలి? అద్భుతం! ప్లాస్టిక్ ఆగర్లు తెప్పిస్తా. మేఖల మొత్తం మొదటి నుంచి చేద్దాం.”

“నా రక్తం ఇంక ఇవ్వను” అంది హెప్సిబా.

“అక్కర్లేదమ్మా. మీరు చాలా చేశారు.” అతడి గొంతులో నిజంగానే ఆదరం ఉంది. “శుక్రవారం ఇక్కడి హైస్కూల్లో క్యాంపు పెడుతున్నాం. గిల్టు నగలు పడని ఆడవాళ్ళకు ఉచిత వైద్యం. ఈ మండలంలో ఎంతమంది ఉంటారనుకున్నారు? ఒక్కరి మీద భారం వేయడం మా పొరపాటే. పదిమందికి పంచుతాం. మీకు సోమవారం నుంచి మరుపు మందు మొదలు. చిన్న సంతకం, అంతే. మన పని గురించి బయట మాట్లాడకూడదని.”

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడలేదు.

“పెట్టు సంతకం. సోమవారం దాకా ఎందుకు, పొద్దున్నే పో” అంది సుగుణమణి.

“ఊళ్ళో ఆడవాళ్ళమ్మా…”

“ఊళ్ళో ఆడవాళ్ళకు అమ్మలు లేరా? నా బిడ్డను నేను జూసుకుంటా, వాళ్ళ బిడ్డల్ని వాళ్ళు జూసుకుంటారు.”

“వాళ్ళకు ఆ పట్టీలో ఏముందో తెలియదు. పడదు అన్న ఒక్క మాట చూసి వస్తారు. మందు ఇస్తారనుకుంటారు.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. ముందు సంతకం చేసి మందు తీసుకొమ్మనీ, ఒళ్ళు కుదుటపడ్డాక కోర్టుకు పోదామనీ అన్నాను. చట్టప్రకారం అటువంటి ఒప్పందం నిలవదని కూడా అన్నాను. న్యాయశాస్త్రం దృష్ట్యా నా మాటలో దోషం లేదు.

“కోర్టు తేల్చేసరికి ఎన్ని వీపులు నాన్నగారూ?”

“అవన్నీ నీ వీపులు కావు!” అని అరిచాను. “మళ్ళీ ఒకసారి గొంతు మూసుకుపోతే నువ్వుండవు. అర్థమవుతోందా?”

“అవుతోంది” అంది. లేచి తన గదిలోకి పోయింది.

శుక్రవారం పొద్దున ఆమె కారు తాళాలు తీసుకుంటుంటే నేను అడ్డుకోలేదు. పక్క సీట్లో కూర్చున్నాను. సుగుణమణి గుమ్మంలోకి వచ్చి గాజుసీసాలో మంచినీళ్ళు కిటికీలోంచి నా ఒళ్ళోకి తోసి లోపలికి పోయింది.

హైస్కూలు గేటుకు బ్యానరు కట్టారు: గిల్టు పడనివారికి ఉచిత చికిత్స. తరగతి గదిలో ఆడవాళ్ళు బెంచీల మీద కూర్చున్నారు. చెవులకు వేపపుల్లలు పెట్టుకున్నవాళ్ళు, మెడ చుట్టూ నల్లగా మచ్చలు కట్టినవాళ్ళు. నర్సు ఒక తెర వెనుక ఒక్కొక్కరి భుజాల మీద చెరొక పట్టీ అంటించి పంపుతోంది. డాక్టర్ మందాకిని మూలన కుర్చీలో ఉంది. నన్ను చూసి గడియారం వైపు చూపు దించుకుంది.

హెప్సిబా గది మధ్యకు వెళ్ళి చొక్కా చేతులు రెండూ మోచేతుల పైకి మడిచింది. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.

“ఓ యమ్మా, ఏమాయె నీ చేతులకి? కాలెనా?” అంది ముందు బెంచీలో ఉన్న ఒక పెద్దామె.

“కాలలేదక్కా. నాకూ గిల్టు పడదు. మీ వీపు మీద పెట్టిన పట్టీయే నాకూ పెట్టారు. రెండేళ్ళు.”

“మందు కాదా ఇది?”

“కాదు. పడనిదాన్నే ఇంకా ఎక్కించేది. మంట లేస్తే రక్తం తీసుకుంటారు.”

“మరి మాన్పేది లేదా?”

“ఉంది. ఈ మేడమ్‌గారి దగ్గరుంది. మీకు ఇది చెప్పకపోతే నాకు సోమవారం ఇస్తామన్నారు.”

పెద్దామె మందాకిని వైపు తిరిగి, “నిజమేనా మేడం?” అంది. మందాకిని గడియారం చూసుకుంది. ఆ గదిలో అందరికీ అది చాలింది. నర్సు ఫోను తీసుకుని బయటకు పరుగెత్తింది. నిమిషంలో తిరిగి వచ్చి, “సార్ అంటున్నారు, ఇంక ఆ మందు మాట మరిచిపొమ్మని” అంది, హెప్సిబా ముఖం చూడకుండా.

“విన్నాను” అంది హెప్సిబా.

“పీకు తల్లీ, నా యీపు మీదిది పీకు. నాకు అందదు” అంటూ పెద్దామె తెర వెనక్కి నడిచింది. ఆమె వెంట మరొకామె. ఆపైన బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

ఆడవాళ్ళు రవికలు సడలించుకుంటున్న చోట నేను నిలబడకూడదు. గోడ వైపు తిరిగి, చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను. నల్లబల్ల మీద ఎవరో పిల్లలు సగం చెరిపిన భిన్నాల లెక్క ఉంది. నేను చూడగలిగింది అదొక్కటే. వినబడేవి మాత్రం అన్నీ వినబడ్డాయి. పట్టీ ఊడిన చప్పుడు. దాని వెంటనే నా కుమార్తె పళ్ళ సందున పీల్చిన గాలి. మళ్ళీ పట్టీ. మళ్ళీ గాలి.

“తొడుగులు వేసుకో!” అన్నాను గోడతో.

“తొడుగులతో గోరు పట్టడం లేదు నాన్నగారూ.”

“నువ్విడ్సు పాపా, నీ యేళ్ళు వాస్తున్నయి. మేమే ఒకరిదొకరు పీక్కుంటం” అంది ఎవరో.

“అదిగో, బొబ్బలు సూడు! నిలుసుంటది గాని కూసోదు” అని ఇంకెవరో కసిరారు.

కొద్దిసేపు అన్ని వైపుల నుంచీ పట్టీలు చించుతున్న చప్పుడు. మధ్యలో ఎవరో నర్సును తిట్టారు, ఎవరో మందాకినిని. ఒక ముసలమ్మ తన పట్టీని ఆ డాక్టరు బల్ల మీద చప్పున కొట్టి అంటించింది. ఆ తర్వాత పెద్దామె గొంతు, దగ్గరగా, మెల్లగా:

“మావి మేము పీక్కుంటిమి. మరి నీది ఎవరు పీకుతరమ్మా?”

నాకు ఆ జవాబు వినాలని లేదు. అయినా చెవులు మూసుకోలేదు.

“నాది ఊడేది కాదక్కా” అంది హెప్సిబా. “నువ్వు అటు తిరుగు. ఎడమ భుజం మీద ఇంకొకటుంది.”